బెంగళూరు బ్లూతో నురుగు వైన్: నంది కొండ కింది తోట డైరీ

అక్టోబరు

చేయబోయే పని ముందుగా రాసిపెట్టుకుంటున్నాను. తోటలో మిగిలిన అరెకరం పాత బెంగళూరు బ్లూ ద్రాక్ష పందిరిని పీకేయకుండా, ఆ కాయతో తీపి లేని నురుగు వైన్ చేయాలి. గ్యాసు ఎక్కించేది కాదు. సీసాలోనే రెండోసారి పులిసి, బుడగ దానంతట అదే పుట్టాలి. ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతంలో చేసే పద్ధతి అదే.

మా ఊరు చిక్కబళ్ళాపురం జిల్లాలో, నంది కొండ కనిపించే దూరంలో. జిల్లా కర్ణాటకదే అయినా ఇంట్లో మాట తెలుగు. ఈ వైపు చాలా ఊళ్ళు అంతే. కొండ ఎత్తు 1,478 మీటర్లు, మా చేను తొమ్మిది వందల మీటర్ల చిల్లర. పగలు ఎంత ఎండ కాసినా రాత్రికి చల్లబడుతుంది. ద్రాక్షలో పులుపు నిలిచేది ఆ చల్లదనం వల్లే. 1980ల చివర వైన్ వ్యాపారి కన్వల్ గ్రోవర్ ఈ కొండ కిందే ఫ్రెంచి ద్రాక్ష రకాలు నాటించినప్పుడు ఆయనకు దారి చూపిన నిపుణుడు జార్జ్ వెసెల్ షాంపేన్‌లోని బూజీ గ్రామస్థుడు. అలాంటివాడు నచ్చి ఎంచుకున్న నేల మీదే మేమూ ఉన్నామని అప్పుడప్పుడు గుర్తు చేసుకుంటాను. ధైర్యానికి పనికొస్తుంది.

మా తోటను మొదలుపెట్టింది నానమ్మ. తాత పోయాక అప్పు తెచ్చి రాతి కూసాలు పాతించి, తీగ లాగించి పందిరి వేయించింది. నాన్న దాన్ని రెండు ఎకరాలు చేశాడు. 2020 లాక్‌డౌన్‌లో కోతకొచ్చిన కాయను ఎత్తడానికి లారీ రాలేదు. ఆ తర్వాత ఒకటిన్నర ఎకరం పీకి టమాటా, చామంతి వేశాం. నాన్న పందిరి కింద మెడ ఎత్తి గంటసేపు నిలబడలేని స్థితి వచ్చాక, మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల ఉద్యోగం మానేసి నేను తోటలోకి వచ్చాను.

వైన్ తెలిసినవాళ్ళందరూ నాకిచ్చిన సలహా ఒకటే: పీకేసి షిరాజ్ అనే ఎర్ర వైన్ ద్రాక్ష నాటు. కారణాలూ చెప్పారు. బెంగళూరు బ్లూలో చక్కెర మామూలుగా 17, 18 బ్రిక్స్ (వంద గ్రాముల రసంలో సుమారు అన్ని గ్రాముల చక్కెర) దగ్గర ఆగిపోతుంది; మంచి ఎర్ర వైన్‌కు 23, 24 కావాలి. పులుపు ఎక్కువ. ఇక వాసన. సీసాలో అమ్మే ద్రాక్ష జ్యూసు, ద్రాక్ష రుచి చాక్లెట్లు వేసే వాసన ఉందే, అది ఈ కాయ తొక్కలోనే ఉంటుంది. మిథైల్ ఆంత్రనిలేట్ అనే పదార్థం అది. అందుకే ఈ కాయ జ్యూసుకు, చవక తీపి పోర్టు వైన్లకు వెళ్ళిపోతుంది.

వాళ్ళు చెప్పినవన్నీ నిజాలే. అయితే నురుగు వైన్ చేసేవాళ్ళు వెతికేది సరిగ్గా 17, 18 బ్రిక్స్, లీటరుకు ఎనిమిది తొమ్మిది గ్రాముల పులుపు. సీసాలో రెండోసారి పులిసినప్పుడు ఆల్కహాలు ఇంకొంచెం పెరుగుతుంది కాబట్టి మొదటి వైన్ పలచగా, పుల్లగా ఉండాలి. ఈ కాయ మీద మోపిన రెండు తప్పులూ అక్కడ అర్హతలు. మిగిలింది వాసన ఒక్కటే. ఈ ప్రాజెక్టు మొత్తం ఆ వాసనతో బేరం.

బెంగళూరు బ్లూ ఇసబెల్లా అనే అమెరికా ద్రాక్షకు దగ్గరి చుట్టమని చెబుతారు. ఫ్రాన్సు 1934 చివర చేసిన చట్టంతో వైన్‌కు పనికిరావని ఆరు రకాలను నిషేధించింది. ఆ ఆరింటిలో ఇసబెల్లా ఒకటి. షాంపేన్ దేశం వెలివేసిన కాయకు షాంపేన్ పద్ధతి నేర్పడం నాకు సరదాగానే ఉంది. పైగా ఇది కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలో సిన్సినాటి నగరంలో నికోలస్ లాంగ్‌వర్త్ 1840లలోనే కటాబా అనే ఇలాంటి కాయతో నురుగు వైన్ చేసి పేరు తెచ్చుకున్నాడు.

లైసెన్సు మాకు లేదు. పది కిలోమీటర్ల దూరంలోని ఒక చిన్న వైనరీ వాళ్ళు ట్యాంకు, చల్లని గది అద్దెకు ఇస్తామన్నారు. షరతు ఏమిటంటే, కాయ తోటది, వైన్ వాళ్ళ గడప దాటకూడదు. అమ్మకు ఈ షరతు బాగా నచ్చింది. “తాగేవాళ్ళు లేని ఇంట్లో ఈ పని ఏమిటే” అని సణుగుతున్న మనిషి, సీసా ఇంటికి రాదని తెలిశాక కాస్త నెమ్మదించింది.

కత్తిరింపు అయింది. ఇద్దరు ఆడ మేస్త్రీలు, నేను. నాన్న కుర్చీ వేసుకుని కింద కూర్చుని, మేము వదిలిన ప్రతి కణుపునూ లెక్కపెట్టాడు.

నవంబరు, డిసెంబరు

బంగాళాఖాతంలో వాయుగుండం, ఇక్కడ ముసురు. పక్క తోటలో ఫ్రెంచి రకాలకు బూజు తెగులు పట్టింది. మా పాత చెట్లకు ఆకు అంచులు కాస్త మాడాయి, అంతే. అమెరికా రకాల నుంచి వచ్చిన మొండితనం అది. ఒక శాతం బోర్డో మిశ్రమం (కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు) ఒకసారి కొట్టి ఆపేశాం. కాయ మీద రాగి మిగిలితే రసాన్ని పులియబెట్టే ఈస్టు సరిగా పనిచేయదు, అందుకే కాయ ముదిరే రోజుల్లో దాని జోలికి పోకూడదు.

షిరాజ్ నాటమని చెప్పినవాళ్ళు ఇలాంటి వానల్లో మందుల బిల్లు ఎవరు కడతారో చెప్పలేదు.

ఫిబ్రవరి

కాయ రంగు తిరగడం మొదలైనప్పటి నుంచి పందిరి నాలుగు మూలలా, నడిమధ్యా కాయలు ఏరి, చిదిపి, చక్కెర కొలిచే రిఫ్రాక్టోమీటరులో చుక్క వేసి చూస్తున్నాను. ఎండ తగిలే పడమటి వరస ఒక బ్రిక్స్ ముందుంది. అంకె కంటే ముక్కే ముఖ్యమనుకుని, వేర్వేరు దశల్లో కోసిన కాయ రసాన్ని వైనరీ ప్రయోగశాలలో చిన్న జాడీల్లో పులియబెట్టి పక్కపక్కన పెట్టాను. 15 బ్రిక్స్‌ది పచ్చి చింతకాయ; వాసన ఏమీ లేదు, రుచీ లేదు. 19ది జ్యూసు సీసా మూత తీసినట్టే ఉంది, గది అంతా అదే. 17కు కొంచెం ఇటూ అటూ ఉన్నదానిలో స్ట్రాబెరీ లాంటి లేత వాసన, వెనుక ఎక్కడో మన ద్రాక్ష. మిథైల్ ఆంత్రనిలేట్ చివరి వారాల్లోనే ఎగబాకుతుందని చదివింది జాడీల్లో కనిపించింది. కాబట్టి 17 దగ్గర కోయాలి.

నాన్న ఒప్పుకోలేదు. “కాయ ఇంకా నల్లబడలేదు. గుత్తిలో నాలుగు ఎర్రగానే ఉన్నాయి. ఇప్పుడు కోస్తే నవ్విపోతారమ్మా.” జన్మంతా మార్కెట్టు కోసం తీపి ఎక్కేదాకా ఆగిన మనిషి. ఆ అలవాటు మీద వాదించి లాభం లేదు. బేరం కుదుర్చుకున్నాం: నాకు ఒక టన్ను ఇప్పుడు, మిగిలింది ఆయన ఇష్టప్రకారం పండాక వ్యాపారికి.

తెల్లవారుజామున టార్చిలైట్లు పెట్టుకుని కోశాం. ఎండ ఎక్కక ముందే క్రేట్లు వైనరీ చల్లని గదిలో ఉన్నాయి. తొక్కలో ఉన్న రంగు, వాసన రసంలోకి దిగకూడదంటే కాయ చల్లగా ఉండాలి, చితకకూడదు, తొడిమ తీయకుండా గుత్తి గుత్తిగానే ప్రెస్సులోకి వెళ్ళాలి.

ఇక్కడ అసలు ఇబ్బంది. బెంగళూరు బ్లూ నొక్కితే తొక్క ఒకవైపు, గుజ్జు ముద్ద ఒకవైపు జారిపోతాయి. పెక్టిన్ అనే జిగురు పదార్థం ఎక్కువ. ప్రెస్సులో అంతా కలిసి జిగురు గడ్డ అవుతుంది, రసం బయటికి దారి వెతుక్కోలేదు. అమెరికాలో ఇలాంటి కాయకు వాడే ఉపాయం వరి ఊక. రైసు మిల్లు నుంచి రెండు బస్తాలు తెప్పించి, వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టి, పొర కాయ, పొర ఊకగా వేశాం. ఊక మధ్య సందుల్లోంచి రసం ధార కట్టింది. వైనరీ కుర్రవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత ఫోనుల్లో వీడియో తీసుకున్నారు. మిల్లతను మాత్రం ఇప్పటికీ మేము కోళ్ళ ఫారం పెట్టామనే అనుకుంటున్నాడు.

మెల్లగా వచ్చిన మొదటి రసం 550 లీటర్లు ఉంచుకున్నాం. గట్టిగా నొక్కితే వచ్చేది వాళ్ళ తీపి వైన్‌లోకి పోయింది. గులాబీ రంగు, ఉల్లిపొర కంటే కొంచెం ముదురు. వెంటనే పెక్టిన్‌ను విరిచే ఎంజైము, రసం పాడవకుండా 39 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్ వేశాం. దానిలో 57 శాతం సల్ఫర్ డయాక్సైడు, అంటే లీటరుకు 40 మిల్లీగ్రాములు. ఎక్కువ వేస్తే సీసాలో రెండోసారి పులియడానికి ఈస్టు మొరాయిస్తుంది.

పులుపు లెక్క: 10 మిల్లీలీటర్ల రసం, రెండు చుక్కల ఫినాఫ్తలీన్, బ్యూరెట్‌లోంచి 0.1 నార్మల్ కాస్టిక్ సోడా. గులాబీ రంగు నిలిచేసరికి 11.4 మిల్లీలీటర్లు పట్టింది. 0.75తో హెచ్చిస్తే లీటరుకు 8.55 గ్రాములు. పాత ఉద్యోగంలో బ్యూరెట్ ముందు నిలబడి విసుగెత్తిన దాన్ని, ఈ అంకె చూసి చప్పట్లు కొట్టాను.

మార్చి

ఈస్టు ఈసీ-1118. షాంపేన్ నుంచి వచ్చిన రకమే. తనకంటూ వాసన జోడించదు, చల్లదనానికీ ఆల్కహాలుకూ బెదరదు. ట్యాంకు 15, 16 డిగ్రీల మధ్య ఉంచాం. చక్కెర ఆల్కహాలుగా మారేకొద్దీ సాంద్రత 1.070 నుంచి రోజూ కొంచెం కొంచెం దిగి 0.996 దగ్గర ఆగింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి జనరేటరు అందుకునేలోగా ట్యాంకు రెండు డిగ్రీలు వేడెక్కింది. తడి గోనెలు చుట్టి నీళ్ళు పోశాం. రుచిలో తేడా ఏమీ రాలేదు.

తేరిన వైన్ తీసి రుచి చూస్తే పలచగా, పదునుగా, కొంచెం కటువుగా ఉంది. వైనరీలో వైన్ చేసే పెద్దాయన నోట్లో పుక్కిలించి ఉమ్మేసి, “ఇది తాగితే ఎవరూ రెండో గ్లాసు అడగరు. కాబట్టి సరిగ్గా ఉంది” అన్నారు.

ఏప్రిల్

సీసాలకు ఎక్కించాం. లీటరుకు నాలుగు గ్రాముల చక్కెర పులిస్తే సుమారు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పుడుతుంది. షాంపేన్‌లో మామూలుగా 24 గ్రాములు వేస్తారు, ఆరు అట్మాస్ఫియర్లు. నేను 20 గ్రాముల దగ్గర ఆగాను. ఐదు అట్మాస్ఫియర్లన్నా కారు టైరులో ఉండే గాలికి రెండింతలకు పైనే, పైగా గాజులో. తేర్పు పట్టగా మిగిలిన వైన్ 490 లీటర్లు, దానికి పది కిలోలకు కాస్త తక్కువ చక్కెర.

ఈస్టును నేరుగా వైన్‌లో పడేస్తే చచ్చిపోతుంది. ముందు గోరువెచ్చని నీళ్ళలో లేపి, చక్కెర పెట్టి, రోజుకు కొంత వైన్ కలుపుతూ ఆల్కహాలుకు అలవాటు చేయాలి. పసిపిల్లకు అన్నం అలవాటు చేయడం కంటే ఓపిక పట్టే పని. మడ్డి (పని ముగిశాక అడుగున పేరుకునే చచ్చిన ఈస్టు) తర్వాత గట్టిగా కిందికి దిగడానికి చిటికెడు బెంటోనైట్ మట్టి కూడా కలిపాం. 640 సీసాలు, సోడా మూతలు, గోడవారన పడుకోబెట్టి పేర్పు.

జూన్ నుంచి డిసెంబరు

రాయడానికి పెద్దగా ఏమీ లేదు. చీకటి గది, 14 డిగ్రీలు. మూడో వారంలో సీసాలు పేలడం మొదలైంది: మొత్తం పదకొండు. పగిలినవన్నీ ఒకే పెట్టె లాటువి. మిగిలిన ఖాళీ సీసాలు తూకం వేస్తే ఆ లాటువి మిగతావాటికంటే తేలిక. అమ్మినవాళ్ళకు ఫొటోలు పంపాం, సమాధానం లేదు. ఆ లాటు సీసాల మీద ఇనుప జాలీ కప్పి, మొహానికి వెల్డింగ్ కవచం లేకుండా గదిలోకి ఎవరూ వెళ్ళకూడదని బోర్డు రాసి తగిలించాం.

ఈ నెలల్లో సీసాలో పని చేసేది చచ్చిన ఈస్టే. కణాలు కరిగి వైన్‌లోకి దిగుతూ కాల్చిన రొట్టె వాసన, నాలుక మీద కొంచెం నిండుదనం తెస్తాయి. నా ఆశంతా దాని మీదే: ద్రాక్ష వాసనను చెరిపేయలేం, కానీ దాని ముందు ఇంకొకటి నిలబెట్టవచ్చు.

జనవరి

ఇప్పుడు మడ్డిని బయటికి తీయడానికి వీలుగా మూత దగ్గరికి తేవాలి. దానికి చిల్లుల బల్ల. దీని వెనుక ఉన్న మనిషి బార్బ్-నికోల్ క్లికో. ఫ్రాన్సులో రాంస్ నగరం. 1805లో భర్త పోయేనాటికి ఆమెకు 27 ఏళ్ళు. మామగారిని ఒప్పించి వ్యాపారం చేతికి తీసుకుంది. అప్పటి ఫ్రెంచి చట్టంలో భర్త అనుమతి లేనిదే పెళ్ళయిన ఆడది వ్యాపారం చేయడానికి లేదు. విధవకు ఆ అడ్డు లేదు. నానమ్మ కూడా తాత పోయాకే బ్యాంకులో సంతకం పెట్టిందని నాన్న చెబుతుంటాడు. 1814లో నెపోలియన్ యుద్ధాల దిగ్బంధం పూర్తిగా తొలగక ముందే క్లికో రష్యాకు ఓడలో సరుకు పంపి పోటీదారులను దాటేసింది. గిరాకీ పెరిగితే మడ్డి తీయడమే పెద్ద ఆటంకమైంది. 1816లో బల్లకు చిల్లులు పొడిపించి, సీసాలను తలకిందులుగా నిలిపి తిప్పే పద్ధతి ఆమె సెల్లారులోనే (వైన్ నిలవ చేసే నేలమాళిగలో) పుట్టింది. రెండు వందల ఏళ్ళు దాటినా చేత్తో చేసేవాళ్ళకు అదే దారి. పెద్ద కంపెనీలకు యంత్రాలున్నాయి, వారంలో ముగిస్తాయి. ఆ యంత్రం ధరకు మా అరెకరం వస్తుంది.

చిక్కబళ్ళాపురంలో వడ్రంగికి బొమ్మ గీసి ఇచ్చాను. సిల్వర్ ఓక్ చెక్క, ఒక్కో పలకకు అరవై చిల్లులు, రెండు పలకలు పైన బందుతో కలిపి గుడారంలా నిలబడాలి. చిల్లు నిటారుగా పొడిస్తే పనికిరాదు. సీసా మెడ మొదట దాదాపు అడ్డంగా, చివరికి దాదాపు నిలువుగా నిలవాలి కాబట్టి అంచులు వాలుగా చెక్కాలి. “ఇన్ని చిల్లులు దేనికమ్మా, పావురాలకా?” అన్నాడు. ఖాళీ సీసా చేతికిచ్చి చూపించాక, మూడో చిల్లు నుంచి నాకంటే బాగా అర్థమైంది. లోపలి వాలును ఉలితో ఆయనే సరిచేశాడు. రెండు బల్లలు, 240 సీసాలు. మిగిలినవి మడ్డి మీదే ఉంటాయి.

ప్రతి సీసా అడుగున తెల్ల రంగుతో ఒక గీత. రోజూ రెండు చేతులతో రెండు సీసాలు పట్టుకుని, చిన్న కుదుపు, ఎనిమిదో వంతు తిప్పు, వెంట్రుకవాసి పైకి లేపు. షాంపేన్‌లో ఈ పని ఆరితేరినవాళ్ళు రోజుకు నలభై వేల సీసాలకు పైగా తిప్పేవారట. నా 240కే మణికట్టు పట్టేసింది. మేస్త్రీ పెద్దమ్మకు నేర్పాను. పూలు కట్టే చెయ్యి, లయ తొందరగా దొరికింది.

అన్ని సీసాలూ మాట వినలేదు. పాతిక దాకా సీసాల్లో పలచని పొర గాజుకు అంటుకుని కదలదు. మిగిలిన పెక్టిన్, ప్రొటీను కలిసి చేసే అల్లరి అది. వాటిని బల్ల మీంచి తీసి బాగా చల్లార్చి, చెక్క సుత్తితో పక్కల మీద తట్టి పొర ఊడగొట్టి, మళ్ళీ మొదటి నుంచి తిప్పాం. సగం దారికొచ్చాయి. మిగతావి అమ్మడానికి పనికిరావు, రుచి పరీక్షలకు పనికొస్తాయి. వచ్చే ఏడు ఎంజైము మోతాదు పెంచి, రసాన్ని ఇంకో రాత్రి తేరనివ్వాలి.

ఫిబ్రవరి

మడ్డి తీసే రోజు. సీసాలు తలకిందులుగానే 4 డిగ్రీలకు చల్లార్చాం. ఐసు ఫ్యాక్టరీ నుంచి గడ్డలు తెచ్చి పగలగొట్టి, మూడింట ఒక వంతు కల్లుప్పు కలిపితే తొట్టెలో ఉష్ణోగ్రత సున్నాకు బాగా కిందికి పోతుంది. మెడలు దానిలో ముంచితే పావుగంటలో మూత దగ్గర మడ్డితో సహా రెండంగుళాల మంచు బిరడా కడుతుంది. సీసా ఎత్తి, వాలుగా పట్టి, మూత లాగితే బిరడా తుపాకీ గుండులా ఎదుటి డ్రమ్ములోకి. బొటనవేలు వెంటనే మూతి మీద. మొదటి డజను సీసాల్లో వైన్ నా చీర మీదికే ఎక్కువ వచ్చింది. పెద్దాయన చొక్కా మాత్రం సాయంత్రం దాకా తెల్లగానే ఉంది.

తగ్గిన మేరకు అదే వైన్‌లో చక్కెర కరిగించి నింపాలి. సున్నా, ఆరు, పది గ్రాములు, మూడు రకాలూ చూశాం. పది గ్రాములకు ద్రాక్ష వాసన మళ్ళీ నిద్ర లేచింది. తీపి తగలగానే ముక్కు జ్యూసును గుర్తు చేసుకుంటుంది. సున్నా మరీ కరకు. ఆరు దగ్గర స్థిరపడ్డాం.

నా తీర్పు: బుడగ చిన్నది, నిలకడగా ఉంది. ముందు రొట్టె వాసన, వెనుక స్ట్రాబెరీ, గ్లాసు వెచ్చబడేకొద్దీ ద్రాక్ష. దాన్ని దాచలేకపోయాం, అదుపులో పెట్టగలిగాం. చల్లగా తాగాలి, నిలవ పెట్టి మురిసిపోయే వైన్ కాదు. పెద్దాయన ఇంకో మాట అన్నారు: దీన్ని షాంపేన్ పక్కన పెట్టి తూచకండి, మిరపకాయ బజ్జీ పక్కన పెట్టండి. ఆ మధ్యాహ్నం ఆయనే తెప్పించారు. ఉప్పు, నూనె, కారం మీద ఆ పులుపు కత్తిలా దిగింది.

నాన్న తాగలేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు చూసి, కాగితం అడిగాడు. టన్ను కాయకు 640 సీసాలు, అంటే సీసాకు కిలోన్నర పైన. వ్యాపారి ఇచ్చే రేటు వేస్తే ఆ కాయ విలువ కంటే గాజు సీసా, బిరడా, తీగ తొడుగు ధరే ఎక్కువ. ట్యాంకు అద్దె, గది కరెంటు కలిపాడు. పగిలిన పదకొండు, పొర పట్టినవి తీసేశాడు. మిగిలిన అంకె కింద రెండు గీతలు గీసి, “నష్టం లేదు. లాభమని కూడా అనలేను. ఇంకో ఏడు చూద్దాం, పందిరి ఉండనీ” అన్నాడు. గట్టున ఖాళీగా ఉన్న నాలుగు కూసాల మధ్య పాత చెట్ల కొమ్మలే అంటు కట్టి నాటమన్నాడు కూడా.

ఈ నెల పనులు: లేబుల్ నమోదు కాగితాలు వైనరీ పేరు మీదే వెళ్ళాలి, వాళ్ళ మేనేజరుకు ఇచ్చాను. బరువు సీసాలు వేరే చోట అడిగాను, ఈసారి ప్రతి లాటూ తూకం వేసే దింపుకుంటాం. మడ్డి మీద మిగిలిన దాదాపు 390 సీసాల్లో సగం వచ్చే దీపావళి దాకా కదపను. రెండో ఏటి కాయ ఈరోజు పడమటి వరసలో 16.2 ఉంది. కోతకు టార్చిలైట్ల బ్యాటరీలు కొనాలి, మిల్లులో ఊక చెప్పాలి.